ఉప్పాడలో తరగని డీజిలు

రాజమండ్రి,
12-8-1981

పెద్దక్కకు,
తమ్ముడు యెహెజ్కేలు వందనాలు. ఇక్కడ నేనూ రత్తమ్మా క్షేమం. కారే క్షేమంగా లేదు.

పోయిన శుక్రవారం పెళ్ళివారిని ఎక్కించుకుని ధవళేశ్వరం బ్యారేజీ మీద వెళ్తున్నాను. సరిగ్గా నడిమధ్యలో బండి ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది. ముహూర్తం దాటిపోతోందని పెళ్ళికొడుకు కూడా బాసికం జేబులో పెట్టుకుని దిగి తోశాడక్కా. ఆ అబ్బాయి మొహం నాకింకా కళ్ళల్లోనే ఉంది.

లారీకి కట్టి కంపెనీ వర్క్‌షాపుకి తీసుకెళ్ళాను. గ్యారంటీ ఏడాది. బండి వచ్చి నాలుగు నెలలు. ఇంకేం భయం అనుకున్నాను. విప్పి చూసి సర్వీసు మేనేజరు ఏమన్నాడో తెలుసా? "టాంకులో నీళ్ళున్నాయండి. ఇంజెక్షన్ పంపు తుప్పు పట్టింది. కల్తీ డీజిలు పోసిన బండికి గ్యారంటీ వర్తించదండి" అన్నాడు. "అండి" అంటూనే నా గొంతు కోశాడు.

పదిహేనేళ్ళు ఒకళ్ళ లారీ తోలాను. నా పేరున బండి ఉండాలని ఎంత పాకులాడానో నీకు తెలుసు. ఇంజనుకి డీజిలు అందించే ఆ పంపు కంపెనీ ఇవ్వకపోతే బండి షెడ్డులో ఇనుమే. నేను మళ్ళీ లారీయే.

నాకర్థం కానిది ఒకటుంది. ఇదే బండి జూలైలో నిన్నూ నీ ప్రార్థన గుంపువారినీ కాకినాడనుంచి ఉప్పాడ తీసుకెళ్ళింది కదా. ఇంటినుంచి బయల్దేరేటప్పుడు డీజిలు ముల్లు సగం దగ్గరుంది. అంత దూరమూ తిరిగి మళ్ళీ రాజమండ్రి చేరేసరికి సగానికి పైనే ఉంది! ఆ ఆదివారం గుడిలో లేచి సాక్ష్యం చెప్పాను. "మా అక్క మోకాళ్ళ మీద ఉంటే నా బండికి డీజిలు అక్కర్లేదు" అన్నాను. పాస్టరు గారు రెండుసార్లు చెప్పించుకున్నారు. ఈ సంగతి నీకు అప్పుడే రాశాను, నువ్వు జవాబులో దాని ఊసే ఎత్తలేదు.

అలాంటి బండికి ఇలా ఎందుకు జరిగింది? ప్రార్థన చెయ్యి.
నీ తమ్ముడు
యెహెజ్కేలు


జగన్నాథపురం, కాకినాడ,
17-8-1981

యెహెజ్కేలుకు,
ప్రభువు కృపలో క్షేమం. నీ ఉత్తరం అందింది. ప్రార్థనలో పెట్టాను.

కొన్ని అడుగుతాను. నీళ్ళు ఎన్ని ఉన్నాయి, గ్లాసుడా, చెంచాడా? ఏ రంగు? తుప్పు ఎర్రగా ఉందా, నల్లగానా? టాంకు మూత సరిగ్గా బిగుస్తుందా? వాన నీళ్ళు దిగే దారి ఉందా? మేనేజరు చెప్పింది నువ్వు కళ్ళతో చూశావా, విని వచ్చేశావా?

కోపపడకుండా వెళ్ళి, ఆ టాంకు అడుగు డీజిలు ఒక సీసాలో పట్టించి నాకు పంపు. సీసా గాజుది కావాలి. బాగా కడిగి ఆరబెట్టాలి.

పెళ్ళికొడుకు సమయానికి చేరాడా?

రత్తమ్మకి నా దీవెనలు.
అక్క
సంపూర్ణమ్మ


రాజమండ్రి,
27-8-1981

పెద్దక్కకు వందనాలు.
రత్తమ్మ కంటి మందు కోసం కాకినాడ వస్తోంది. సీసా దానితోనే పంపుతున్నాను. బస్సులో కండక్టరు వాసన పట్టి దింపేస్తాడేమోనని మీద మల్లెపూలు చుట్టింది. ఆసుపత్రిలో నర్సుగా రిటైరైనా నీకు సీసాల పిచ్చి పోలేదు. రోగి రక్తమనుకున్నావా అక్కా, పరీక్ష చెయ్యడానికి?

నువ్వడిగినవి: మూత గట్టిగానే ఉంది. వాన దిగదు. నీళ్ళు సుమారు ముప్పావు గ్లాసు. తుప్పు ఎర్రగా, పొడిపొడిగా ఉంది. కళ్ళతో చూశాను. పెళ్ళికొడుకు సైకిలు మీద చేరాడట.

ఇక అసలు సంగతి. కంపెనీ కాగితం పంపింది. "ఇంధనం ఎక్కడెక్కడ పోయించారు? మీ బంకులో తప్ప మరెక్కడైనా ట్యాంకులో ఇంధనం చేరిందా?" అని. "ఎక్కడా లేదు, ప్రమాణం చేసి చెప్తున్నాను" అని రాసి సంతకం పెట్టాను. రసీదులన్నీ జతచేశాను. ఒక్కటి కూడా పారెయ్యలేదు చూడు!

ఆ కాగితం పట్టుకుని బంకుకి వెళ్ళాను. నలుగురిలో అరిచాననుకో. బంకు యజమాని పల్లంరాజు గారు మంచివాడే, కానీ పరువు మనిషి. భూమిలో ఉన్న టాంకులో కొలబద్ద దింపించారు. నీళ్ళు తగిలితే రంగు మారే మందు ఒకటి ఉంటుంది, దాన్ని కొనకి రాసి దింపారు. రంగు మారలేదు. "మా టాంకు పొడిగా ఉందండి, మరి మీ బండిలోకి నీళ్ళెలా వచ్చాయి?" అన్నారు. "పోసేవాడి చేతిలోంచి వచ్చి ఉంటాయి" అన్నాను నేను.

పోసేవాడు చిట్టియ్య. ఆరేళ్ళుగా అక్కడే ఉన్నాడు. నెమ్మదస్తుడు. నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నా వైపే చూశాడు. సాయంత్రానికి రాజు గారు అతన్ని పనిలోకి రావద్దన్నారట.

కల్తీ జరిగిందని బంకు ఒప్పుకుంటే వాళ్ళు కట్టాలి. జరగలేదంటే కంపెనీ కట్టాలి. ఇద్దరిలో ఒకళ్ళని వదలను. ఎలా ఉంది నా లెక్క?
యెహెజ్కేలు


జగన్నాథపురం, కాకినాడ,
6-9-1981

యెహెజ్కేలుకు,
సీసా అందింది. మల్లెపూలు కూడా.

కిటికీ గట్టు మీద పెట్టి ఎనిమిది రోజులు కదపలేదు. మొదటిరోజు అంతా మబ్బుగా ఉంది. మూడోనాటికి పైన తేటపడింది. అడుగున రెండు వేళ్ళ మందం నీరు వేరుగా నిలిచింది. మధ్యలో సన్నటి గోధుమరంగు గీత. రోజూ ఉదయం ప్రార్థన అయ్యాక దాన్నే చూస్తూ కూర్చున్నాను. చూడటానికి బాగుంది.

నిన్న పై డీజిలు ఒంపేసి, అడుగు నీటిలో పుల్ల ముంచి నాలుక చివర పెట్టుకున్నాను. వెంటనే ఉమ్మేశాను.

ఉప్పు. బావి ఉప్పదనం కాదు. చేదు కలిసిన ఉప్పు.

రాజమండ్రిలో అలాంటి నీళ్ళు ఎక్కడున్నాయి? గోదావరి నీళ్ళు తాగే ఊరు మీది. చిట్టియ్య నీళ్ళు కలపాలనుకుంటే అంత ఉప్పునీరు ఎక్కడనుంచి తెస్తాడు?

అతని మీద ఇంకొక్క మాట అనకు. కంపెనీకి ఇంకే కాగితమూ పంపకు. నేనొకచోటికి వెళ్ళి రావాలి. వచ్చాక రాస్తాను.
సంపూర్ణమ్మ


రాజమండ్రి,
13-9-1981

పెద్దక్కకు వందనాలు.
ఉప్పు! నీ ఉత్తరం చదివి కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. నువ్వు డీజిలు నాకావన్నది రత్తమ్మకి చెప్తే "వదిన గారికి ఏమైనా అయితే ఎవరండీ దిక్కు" అని నన్ను తిట్టింది.

రెండు రాత్రులు నిద్ర లేదు. ఉప్పు ఎక్కడిదా అని. స్టేషను టాక్సీ స్టాండులో నా బండి కొత్తది. మిగతావాళ్ళ బండ్లన్నీ పాతవి. గిరాకీ నాకొస్తోందని ఏడ్చేవాళ్ళు నలుగురున్నారు. ఎవడో గుప్పెడు ఉప్పు టాంకులో వేసి ఉంటాడు! అలాగైతే నీళ్ళెక్కడివని అడుగుతావు. నీళ్ళలో కలిపి పోశాడు! పోలీసు స్టేషనులో కంప్లయింటు ఇద్దామని అనుకుంటున్నాను. నువ్వాగమన్నావని ఆగాను.

చిట్టియ్య భార్య మొన్న వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకుని లోపలే ఉండిపోయాను. తిట్టలేదు. అరుగు మీద కాసేపు కూర్చుంది. రత్తమ్మ మజ్జిగ ఇస్తే తాగింది. "మా ఆయన నీళ్ళు కలిపే మనిషి కాదని మీ ఆయనకి తెలుసమ్మా" అని వెళ్ళిపోయింది. అన్నం సహించలేదు అక్కా. కానీ నేనేం చెయ్యను? నా బండి సంగతో?

మేనేజరు మళ్ళీ పిలిచాడు. ఉప్పాడ సంగతి అతనికీ చెప్పాను. ప్రార్థనతో నడిచిన బండి మీ పంపుతో ఆగిందండీ అన్నాను. నవ్వలేదు. "ముల్లు నిజంగా పెరిగిందా అండి? ఎంత పెరిగింది?" అని అడిగి కాగితం మీద రాసుకున్నాడు. విచిత్రమైన మనిషి.

నువ్వెక్కడికి వెళ్తానన్నావు? ఎందుకు చెప్పవు?
యెహెజ్కేలు


జగన్నాథపురం, కాకినాడ,
24-9-1981

నా తమ్ముడు యెహెజ్కేలుకు,
ఈ ఉత్తరం రత్తమ్మని పక్కన కూర్చోబెట్టుకుని చదువు.

నేను వెళ్ళింది ఉప్పాడ. పాపాయమ్మ ఇంటికి. జూలైలో మనకి చేపల పులుసు పెట్టిన ఆమె. ఇప్పుడా ఇంటికి ముందు వరస ఇళ్ళు లేవు. సముద్రం తీసుకుంది. ఆమె అరుగు మీద కూర్చుంటే తుంపర మొహాన పడుతోంది.

ఆరోజు జరిగింది చెప్తాను. నువ్వు భోజనం చేసి చాప మీద పడుకున్నావు. పాపాయమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. పోయిన ఏడు తుఫానులో తప్పిపోయిన కొడుకు తిరిగొచ్చినందుకు కానుక ఇస్తానని మొక్కుకుందట. "నా దగ్గర డబ్బులు లేవమ్మా, పడవ డీజిలు ఉంది. దేవుడి పని మీద తిరిగే బండిలో పొయ్యండి. ఎవరికీ చెప్పొద్దు. మీ తమ్ముడు గారికి కూడా" అంది. చెప్పనని మాటిచ్చాను. మన గుడిలో కానుక ఇచ్చినవారి పేరు చదవరు కదా. ఆ ఆలోచనే నాది. నీ జేబులోంచి తాళం తీశాను. ఇద్దరం కలిసి డబ్బా ఎత్తి పోశాం. కిరసనాయిలు డబ్బా నిండా.

నీ ముల్లు అందుకు లేచింది.

ఆ డీజిలు డ్రమ్ములోది. సముద్రం మీద ఖాళీ అయిన డ్రమ్ము పడవలో దొర్లి కాళ్ళు విరగ్గొడుతుందని వాళ్ళు అందులో సముద్రపు నీళ్ళు నింపి పెడతారట. ఒడ్డుకొచ్చాక ఒంపేసి మళ్ళీ డీజిలు పోస్తారు. ఎంత ఒంపినా అడుగున కొంత ఉండిపోతుంది. ఇది నేను మొన్న అడిగి తెలుసుకున్నాను. పడవ ఇంజనుకి అడుగున చిన్న గిన్నె ఉంటుంది, నీళ్ళు అందులో దిగిపోతాయి. కారుకి అది లేదని పాపాయమ్మకి తెలియదు. నాకూ తెలియదు.

కారు పాడైందని ఆమెకి చెప్పలేదు. నా తమ్ముడికి ఒక్కడికి నీ కానుక సంగతి చెప్పుకోవచ్చా అని అడిగాను. ఒప్పుకుంది.

ఇప్పుడు నా తప్పు. నువ్వు సాక్ష్యం చెప్పానని రాసిన రోజునే నీకు నిజం రాయాలి. రాయలేదు. మాటిచ్చాను కాబట్టి అనుకున్నాను. అది సగమే. నా ప్రార్థనతో బండి నడిచిందని గుడిలో అందరూ అనుకోవడం నాకు బాగుంది. యాభై ఆరేళ్ళు వచ్చాయి. బాగుంది. ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదువుకున్నాను.

చిట్టియ్య నాలుగు వారాలుగా పని లేకుండా ఉన్నది నా మౌనం వల్ల.

కంపెనీకి నిజం రాయి. నువ్వు తెలియక ప్రమాణం చేశావు, తెలిశాక అది అలా ఉండకూడదు. గ్యారంటీ పోతుంది. తెలుసు. ముందు చిట్టియ్య దగ్గరికి వెళ్ళు. ఇచ్చినావిడ పేరు మాత్రం ఎక్కడా రాయకు.

నన్ను ఏమన్నా అను.
సంపూర్ణమ్మ


రాజమండ్రి,
2-10-1981

సంపూర్ణమ్మ గారికి,
ఉత్తరం అందింది.

రత్తమ్మ చదివింది. నేను తర్వాత చదివాను.

నువ్వు సీసా అడిగినప్పుడే నీకు అనుమానం ఉందా? "ముల్లు" అన్న మాట నేను ఎన్ని ఉత్తరాల్లో రాశాను? ఒక్కదానికీ జవాబు లేదు. నువ్వు తక్కువ మాట్లాడే మనిషివని అనుకున్నాను.

నీ మీద కోపం సంగతి తర్వాత. గుడిలో ఏ మొహం పెట్టుకుని లేవను? పాస్టరు గారు నా సాక్ష్యాన్ని పక్క ఊరి సభలో కూడా చెప్పారు. అక్కడ ఒకాయన తన పంపుసెట్టు కోసం నన్ను ప్రార్థన చెయ్యమని ఉత్తరం రాశాడు.

కంపెనీకి రాస్తే నా బండి పోయినట్టే. రాయకపోతే వాళ్ళు ఇచ్చినా ఇవ్వొచ్చు. మేనేజరు కొంచెం మెత్తబడ్డాడు. అది నీకు తెలియాలి.
యెహెజ్కేలు


జగన్నాథపురం, కాకినాడ,
7-10-1981

యెహెజ్కేలుకు,
సీసా అడిగినప్పుడు అనుమానం లేదు. ఏమై ఉంటుందా అని చూడాలనిపించింది, అంతే. నాలుక మీద ఉప్పు తగిలాక తెలిసింది.

చేపల రేవులో ముసలయ్య అని పడవ ఇంజన్ల మేస్త్రీ ఉన్నాడు. సీసా తీసుకెళ్ళి చూపించాను. నవ్వాడు. "ఇది మాకు ఏడాదికి నాలుగుసార్లు వచ్చే జబ్బేనమ్మా. కంపెనీవాళ్ళు పంపు మార్చేస్తారు. మేము మార్చలేం కాబట్టి కడుగుతాం. లోపలి ముక్క మరీ గీసుకుపోకపోతే బతుకుతుంది" అన్నాడు. మాట ఇవ్వలేదు. పంపు తెమ్మన్నాడు.

పంపు తీసుకురా. ముందు కంపెనీకి ఉత్తరం రాసి, ఆ తర్వాత రా. పంపు బాగవుతుందని తెలిశాక రాసే ఉత్తరం వేరు.

గుడిలో నువ్వు ముందు లేవక్కర్లేదు. వచ్చే ఆదివారం మొదటి బస్సుకి వస్తాను. నేను లేస్తాను.
అక్క


రాజమండ్రి,
8-11-1981

పెద్దక్కకు,
తమ్ముడి వందనాలు. చాలా రోజులకి రాస్తున్నాను. రాయడానికి ఖాళీ లేదు, ఎందుకంటే బండి తిరుగుతోంది!

ఆ ఆదివారానికి ముందూ తర్వాతా జరిగినవన్నీ నీకు చెప్పాలి. గుడిలో నువ్వు లేచి "నా తమ్ముడి బండి నా ప్రార్థనతో నడవలేదండి, వేరొకరి కానుకతో నడిచింది. నాకు తెలిసీ ఊరుకున్నాను" అని కూర్చున్నావు కదా. అంతేనా, ఇంకేమైనా చెప్తావేమోనని జనం ఇంకా నీ వైపే చూస్తున్నారు. నేనూ లేచి చిట్టియ్య సంగతి చెప్పాను కదా. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గుడంతా నవ్వింది. పాస్టరు గారు కూడా. మర్నాడు స్టాండులో అందరూ "ఏంటి యెహెజ్కేలు గారూ, ఇవాళ డీజిలా, ప్రార్థనా?" అన్నారు. ఇప్పటికీ అంటున్నారు.

నువ్వు రావడానికి ముందే, శనివారంనాడే చిట్టియ్య ఇంటికి వెళ్ళాను. ఇది నీకు చెప్పలేదు. నేను చెప్పాల్సింది చెప్పాను. "నాతో చెప్తే ఏం లాభం అండి, అరిచిన చోట చెప్పండి" అన్నాడు. నిజమే కదా. సోమవారం బంకుకి వెళ్ళి, లారీలు వరసలో ఉన్నప్పుడు, అరిచినంత గట్టిగా చెప్పాను. రాజు గారు అప్పటికప్పుడు మనిషిని పంపి పిలిపించారు. ఇప్పుడు నేనెప్పుడు వెళ్ళినా చిట్టియ్య ముందు కొలబద్దకి మందు రాసి, టాంకులో దింపి, తీసి నా ముక్కు దగ్గర పెడతాడు. "చూసుకున్నారా అండి? తర్వాత మళ్ళీ సాక్ష్యం చెప్తారు" అంటాడు. వెనక లారీలు హారన్లు కొడుతున్నా వదలడు. రోజూ ఇదే. మానమని అడగలేదు.

కంపెనీకి ఉత్తరం కాకినాడ రాకముందే ఇచ్చాను. మేనేజరు చదివి, "అదే అనుకున్నానండి. పైకి లేచే ముల్లు నేనెప్పుడూ చూడలేదు. అది అర్థం కాక నా ఫైలు మూయలేదు" అన్నాడు. ఆ వెంటనే గ్యారంటీ వర్తించదని సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చాడు. ఒక్క అక్షరం మెత్తబడలేదు! కానీ పంపు విప్పేటప్పుడు తనే దగ్గరుండి ఏ స్క్రూ ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసి ఇచ్చాడు. ముసలయ్య ఆ బొమ్మ చూసి "బాగుంది" అని దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు.

మూడు రోజులు నానబెట్టి, రుద్ది, మళ్ళీ నానబెట్టాడు. నాతో రాజమండ్రి వచ్చి తనే బిగించాడు. మొదటిసారి స్టార్టు కాలేదు. రెండోసారీ కాలేదు. ముసలయ్య బీడీ వెలిగించుకుని వెళ్ళిపోయాడు. మూడోసారి పట్టింది. పొగంతా తెల్లగా. అప్పుడు కళ్ళనీళ్ళొచ్చాయి, పొగ వల్లే అనుకో. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకా కొంచెం దగ్గుతుంది. నేనూ దగ్గుతాను.

ఇక అసలు సంగతి. నిన్న ఉప్పాడనుంచి బస్సు మీద ఒక కిరసనాయిలు డబ్బా వచ్చింది. మూతకి గుడ్డ కట్టి ఉంది. డ్రైవరు "ఎవరో పెద్దావిడ ఇచ్చిందండి, క్రిస్మసుకి మీ అక్కగారు ఊళ్ళు తిరుగుతారు కదా, దేవుడి పనికి అంది" అన్నాడు.

డబ్బా ఊపి చూశాను. రత్తమ్మ నా మొహం చూస్తోంది. తిప్పి పంపితే ఆమెకేమని చెప్పాలి? పోస్తే ముసలయ్యకి ఏమని చెప్పాలి? వెంటనే రాయి. డబ్బా అరుగు మీద ఉంది. దాన్ని దాటుకుని లోపలికి వెళ్తున్నాను.
నీ తమ్ముడు
యెహెజ్కేలు


జగన్నాథపురం, కాకినాడ,
12-11-1981

యెహెజ్కేలుకు,
ఉత్తరం చదివి నవ్వుకున్నాను. ప్రభువుకి స్తోత్రం.

డబ్బా తిప్పి పంపకు. ఆమెకి ఏమీ చెప్పకు. చెప్తే ఇక ఇవ్వదు.

అరుగు మీద ఎండ తగలని చోట పెట్టు. పది రోజులు ఎవరూ కదపకూడదు. తర్వాత రబ్బరు గొట్టంతో పైనుంచి తియ్యి. గొట్టం కొన అడుగుకి తగలనివ్వకు. అడుగున నాలుగు వేళ్ళు వదిలెయ్యి. తీసింది చిట్టియ్యకి ఇచ్చి అతని మందు రాసిన పుల్లతో చూపించుకో. అతను సరే అంటేనే పొయ్యి.

అడుగున మిగిలింది గాజు సీసాలో పట్టి నాకు పంపు. ఈసారి మల్లెపూలు అక్కర్లేదు.

క్రిస్మసుకి ముందు ఉప్పాడ వెళ్దాం. ముల్లు మళ్ళీ సగానికి పైన కనిపిస్తే బండిలో ఉన్నవాళ్ళు అడుగుతారు. కానుక అని చెప్పు. ఎవరిదని అడిగితే మాత్రం, దారి చూసుకుంటూ బండి నడుపు.
అక్క
సంపూర్ణమ్మ